సాగిపోయిన పటం

పోయిన నెల బడంగ్‌పేట్‌లోని మా ఇంటికి ఒక అమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చింది. రచయితలతో మాట్లాడించి ఆ వీడియోలు ఇంటర్నెట్‌లో పెడుతుందట. ముందుగదిలో కుర్చీలు జరిపి, ఫ్యాను ఆపి, నా చీర కొంగుకు చిన్న మైకు తగిలించి, నాలుగైదు ప్రశ్నలయ్యాక, "మీ మొదటి ఓటమి గురించి చెప్పండి మేడమ్, దాన్నుంచి ఏం నేర్చుకున్నారో కూడా" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. పత్రికలకు పంపిన కథలు వరసగా తిరిగొచ్చిన సంగతి, ఆ కవర్లన్నీ మా అమ్మ బియ్యం డబ్బా కింద దాచిన సంగతి. అదే చెప్పాను. అమ్మాయికి నచ్చింది. ఆమె వెళ్ళిపోయాక టీ కప్పులు కడుగుతూ అనుకున్నాను, నేను చెప్పింది అబద్ధమేమీ కాదు, కానీ మొదటి ఓటమి అది కాదు. అసలది నాది కూడా కాదు. మా నాయినది. నేను దాన్ని తీసుకుని గెలుపుగా మార్చి, నా పేరు కింద అచ్చు వేయించుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచుకోవాలని కాదు, చెప్పాలని ఎప్పుడూ అనిపించకపోవడం వల్ల.

మా నాయిన నరసింహ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. అంతకుముందు పోచంపల్లి దగ్గర ఒక పల్లెలో మగ్గం నేసేవాడు. నేత మానేసి పట్నం ఎందుకొచ్చాడని ఎవరైనా అడిగితే పిల్లల చదువుల కోసం అనేవాడు. అమ్మ మాత్రం ఒకసారి నాకు అసలు కారణం చెప్పింది. ఆయనకు కొత్త కొత్త డిజైన్లు వేయాలన్న పిచ్చి ఉండేదట. అందరూ ఏనుగులు, చిలకలు నేస్తుంటే ఈయన వాన పడుతున్నట్టు నేయాలనుకున్నాడు, ఇంకోసారి నీళ్ళలో ఇంటి నీడ కదులుతున్నట్టు నేయాలనుకున్నాడు. మూడుసార్లు చెడింది. నూలిచ్చే సాహుకారు నాలుగోసారి ఇవ్వనన్నాడు. ఆ చెడిన చీరలన్నీ మా ఇంట్లోనే ఉండేవి. నా దిండు గలీబు వాన పడని వాన చీర. వంటింటి గుమ్మానికి వేలాడే తెర, ఇల్లో పడవో తెలియని ఆ నీడ చీర. చిన్నప్పుడు నేను అందరి ఇళ్ళలోనూ నేత చీరలతోనే గలీబులు కుడతారనుకునేదాన్ని.

మేం ఎల్బీనగర్ చౌరస్తాకు కొంచెం లోపల, ఒక కాలనీలో రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్ళం. మా పైన మేడ మీద ఒక రేకుల షెడ్డు ఉండేది. నాయిన పొద్దున్నే స్నానం చేసి, ఒంటికి కొంచెం కొబ్బరి నూనె రాసుకుని, దుకాణంవాళ్ళిచ్చిన నీలం చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా సంచీతో షేర్ ఆటో ఎక్కేవాడు. సాయంత్రం వచ్చాక అమ్మ బకెట్టులో వేడినీళ్ళు పోసి గుప్పెడు ఉప్పు వేసేది. రోజంతా నిలబడిన కాళ్ళు అందులో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ నీళ్ళ ఆవిరి వాసన, ఆయన చొక్కాకు అంటుకున్న కొత్త చీరల గంజి వాసన, అమ్మ పోపులో వేసే ఎల్లిపాయ వాసన కలిసి మా ఇంటి సాయంత్రం. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చీర విసిరి పరచడంలో మాత్రం ఆయనంతటివాడు ఆ దుకాణంలో లేడు. ఒక్క విసురుకు చీర మొత్తం విప్పారి, కొంగు సరిగ్గా కొనడానికి వచ్చినావిడ మోకాళ్ళ ముందు పడేది. పోచంపల్లి చీర అడిగినవాళ్ళకు అన్ని వివరాలూ చెప్పేవాడు గానీ తను నేసినవాడినని ఎన్నడూ చెప్పేవాడు కాదు.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో నేను డిగ్రీ ముగించి గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్తున్నాను. నోటిఫికేషన్ వస్తుందనేవారు, రాదనేవారు, వచ్చినా పరీక్ష జరగనివ్వమనేవారు. దిల్‌సుఖ్‌నగర్ గోడల నిండా ర్యాంకులు వచ్చినవాళ్ళ ఫొటోలు. నేను రానివాళ్ళ లెక్కలో ఉన్నాను. దాని గురించి బాధ ఉండాలి కదా అనుకునేదాన్ని, వెతికితే దొరికేది కాదు. నోట్సు పుస్తకాల వెనక పేజీల్లో కథలు రాసుకునేదాన్ని. అంతలో పెద్ద సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూశారు, దుకాణాల షట్టర్లు దించారు. నాయిన పని చేసే దుకాణం యజమాని మూర్తిగారిది కృష్ణా జిల్లా. ఆయన భయపడి తన పేరున్న బోర్డుకు గుడ్డ కప్పించి, పనివాళ్ళందర్నీ ఇళ్ళకు పంపేశాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి మా నాయిన వరసగా నెల రోజులు ఇంట్లో ఉన్నాడు.

నాలుగో రోజు అన్నం తింటూ, "అన్న ఇంట్ల నా మగ్గం ఉన్నది గదా, తెస్త" అన్నాడు.

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది. "ఏం జేస్తవ్ తెచ్చి?"

"తెలంగాణ పటం నేస్త. చౌరస్త కాడ దీక్ష టెంటు ఉన్నది గదా, అండ్ల కట్టనీకి."

అమ్మ మళ్ళీ అన్నం కలుపుకుంది. మర్నాడు నాయినా నేనూ ఊరికి పోయి, పెదనాయిన ఇంట్లో మూలకు పడి ఉన్న స్టాండు మగ్గం విప్పి, ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరాం. దారిలో ఒక చోట రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి జనం నిలబడ్డారు. గులాబీ కండువా వేసుకున్న ఒకతను ఆటో లోపలికి తొంగిచూసి, "ఏంది కాకా గీ కట్టెలు? బంద్ ఉన్నదని తెల్వదా?" అన్నాడు. నాయిన కిందికి దిగి, ఎప్పుడూ లేనంత గట్టిగా, "మగ్గం బిడ్డా. తెలంగాణ పటం నేస్తున్న" అన్నాడు. అతను రెండు క్షణాలు చూసి, వెనక్కి తిరిగి కేక వేశాడు. రాళ్ళు తీశారు. అందరూ జై తెలంగాణ అని అరుస్తుంటే మా ఆటో వాళ్ళ మధ్య నుంచి నడిచింది. నాయిన ముఖం చూశాను. ఆ ముఖాన్ని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మేడ మీది షెడ్డులో మగ్గం నిలబెట్టాం. నా స్కూలు అట్లాసు చూసి గ్రాఫు కాగితం మీద పటం నేనే గీశాను. పది జిల్లాలు, ఎర్రటి నేల మీద తెల్లటి పటం, జిల్లాల మధ్య ఎర్రటి గీతలు. మా నేతలో బట్ట నేశాక రంగు వేయరు. నూలుకే ముందు రంగు వేస్తారు. ఎక్కడ తెలుపు ఉండాలో అక్కడ పోగుల్ని గట్టిగా కట్టి రంగులో ముంచితే, కట్టిన చోట తెల్లగా మిగులుతుంది. తర్వాత ఆ పోగులు ఒక్కొక్కటే వరసలో పడుతుంటే బొమ్మ మెల్లగా లేస్తుంది. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన ఆసు ముందు కూర్చుని అమ్మ వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి పోగు పోసింది. పడిపోయిన భుజానికి రాత్రుళ్ళు జండూ బామ్ పట్టించుకుని, పొద్దున మళ్ళీ కూర్చుంది. నాయిన పాత సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి ముడులు కట్టాడు. షెడ్డంతా రబ్బరు వాసన, ఉడికే రంగు వాసన. కింది మోరీలో ఎర్రటి నీళ్ళు చూసి ఇంటి ఓనరమ్మ పైకి వచ్చి, "ఏందమ్మా, యాటను కోసిన్రా ఏంది?" అని అడిగింది. మగ్గం చూసి కాసేపు అక్కడే నిలబడి దిగిపోయింది.

కిందినుంచి నేత మొదలుపెట్టాడు. మహబూబ్‌నగర్, నల్లగొండ బాగానే వచ్చాయి. రంగారెడ్డి దాటుతున్నప్పుడు ఏదో జరిగింది. పన్నెండేళ్ళు చీరలు మడతపెట్టిన చేతులవి. పేకను, అంటే అడ్డపోగును, కొట్టి దగ్గరికి చేర్చే దెబ్బలో బలం ఒక్కో పూట ఒక్కోలా ఉంది. దెబ్బ వదులైన చోటల్లా బొమ్మ పైకి సాగింది. మెదక్ పొడుగైంది. కరీంనగర్ ఇంకా పొడుగైంది. పోగు అంచుకు అంచు కలపడంలో కూడా వేళ్ళు జారి, సరిహద్దులన్నీ రంపం పళ్ళలా వచ్చాయి. నేను మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. నాయినకు అప్పటికే తెలుసు. అమ్మకూ తెలుసు.

"ఇప్పుదమా?" అంది అమ్మ.

"ఇప్పితే మల్ల గట్లనే ఒస్తది" అన్నాడు ఆయన, నేయడం ఆపకుండా.

ఆదిలాబాద్ దాకా అలాగే నేశాడు. కోసి నేల మీద పరిచాడు. ఎవరో పటాన్ని రెండు చేతులతో పట్టి పైకి లాగినట్టుంది. ముగ్గురం చూశాం. అమ్మ వంగి ఒక చివర వేలాడే పోగులు కత్తిరించింది.

అయినా తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. చౌరస్తాలో టెంటు కింద పాటలు, ఉపన్యాసాలు, ఒక పక్క రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట. నాయిన బట్టను మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాడు. తీసి ఇచ్చాడు. ముందున్న ఇద్దరు ముగ్గురు విప్పి పట్టుకున్నారు. ఒకతను తల వంచి అటూ ఇటూ చూసి, "గిదేం పటమే కాకా? పొట్లకాయ లెక్కున్నది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఎండలో పొద్దుటి నుంచి కూర్చున్నవాళ్ళకు దొరికిన నవ్వు. అందరికీ నీళ్ళ ప్యాకెట్లు పంచుతున్న ఒక పెద్దమనిషి వచ్చి, "అట్లనకున్రిరా, పాపం ఎంత కష్టపడ్డడో. అన్నా, ఈడ పెట్టు, ఎనకాల కడతం" అన్నాడు. నాయిన సరేనన్నాడు. స్టేజీ వెనక అప్పటికే ఫ్లెక్సీ మీద నిగనిగలాడే పటం ఉంది, అన్ని జిల్లాలూ సరైన కొలతలో.

మధ్యాహ్నం వంటలు అయ్యాయి. పెద్ద గుండిగలో అన్నం ఉడికింది. ఆరబోయడానికి శుభ్రమైన బట్ట కావాలని వెతికారు. ఎవరో తెచ్చి పరిచారు. ఎర్రటి నేల మీద తెల్లటి పొడుగాటి పటం, దాని మీద పొగలు కక్కే అన్నం. నేను నాయిన చెయ్యి పట్టుకున్నాను. ఆయన చూశాడు. అందరితో పాటు వరసలో కూర్చుంటే ఆ అన్నమే ఆకులో పెట్టారు, మీద పప్పుచారు పోశారు. తిన్నాడు. ఇంకొంచెం వేస్తానంటే వేయించుకున్నాడు కూడా. నేను అన్నం కలుపుతూ, నాకు ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఏమన్నరు?"

"అన్నం పెట్టిన్రు" అన్నాడు నాయిన. మేడ మీదికి వెళ్ళి, మగ్గం మీద దుప్పటి కప్పి వచ్చాడు.

ఆ వారంలోనే నేను కథ రాశాను. అందులో ఒక నేతగాడు పటం నేస్తాడు. అది అద్దంలా వస్తుంది. టెంటులో దాన్ని విప్పగానే జనం లేచి నిలబడతారు, స్టేజీ మీద కడతారు, ముసలి నేతగాడి మెడలో ఎవరో కండువా వేస్తారు. కోపంతో రాశానా, నాయినకు ఊరటగా రాశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. చెయ్యి దానంతట అదే రాసింది. ఒక వారపత్రికకు పంపితే అచ్చైంది. అంతకుముందు పంపినవన్నీ తిరిగొచ్చాయి, ఇది మాత్రం వేశారు. వందల ఉత్తరాలు వచ్చాయని చెప్పి, సంపాదకుడు నన్ను పిలిపించి సబ్ ఎడిటర్ ఉద్యోగం ఇస్తానన్నాడు. నా జీవితం మారిన రోజు అదే. ఎల్బీనగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొస్తూ, సంతోషం ఎక్కడుందా అని వెతుక్కున్నాను. కండక్టర్ చిల్లర ఇచ్చాడు, తీసుకున్నాను.

నాయిన పత్రికను మోకాళ్ళ మీద పెట్టుకుని, అక్షరం కింద వేలు పెట్టుకుంటూ, గంటసేపు చదివాడు. చదివాక మూసి, "గిట్ల అయ్యుంటే మంచిగుండు" అన్నాడు. అంతే అన్నాడు.

అప్పటికి సమ్మె ముగిసి దుకాణం తెరిచారు. మూర్తిగారు కూడా కథను, దాని కింద మా నాయిన ఒకప్పటి నేతగాడని నేను రాసిచ్చిన పరిచయాన్నీ చదివారు. "ఏవయ్యా నరసింహం, ఆ పటం నేసింది నువ్వేనటగా! పన్నెండేళ్ళు నా దగ్గరున్నావు, ఒక్క ముక్క చెప్పలేదే? పట్టుకురా, గాజు పెట్టించి దుకాణం ముందు పెట్టిద్దాం" అన్నారట. అందులో ప్రేమ ఉంది, రేపు ఎవరైనా గుంపుగా వస్తే ఆ పటం తన అద్దాల్ని కాస్తుందన్న ఆశ కూడా ఉంది. నాయిన ఇద్దాం సార్ అని వచ్చాడు. తర్వాత దుకాణానికి వచ్చే ఆడవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. ఇంతలో సంపాదకుడు, ఆ నేతగాడి మీద ఫొటోతో ఒక వ్యాసం వేద్దామని, ఫలానా ఆదివారం దుకాణానికి వస్తామని నాతో చెప్పాడు. పటం పాడైందని చెప్పాల్సిన చోట నేను తల ఊపాను.

ఇంట్లో చెప్పాను. మర్నాడు తెల్లవారేసరికి మేడ మీద రబ్బరు వాసన. నాయిన మళ్ళీ ముడులు కడుతున్నాడు.

"కథనే గదా నాయినా. ఇడిసిపెట్టు" అన్నాను.

"నువ్వు రాసినవ్ గదా బిడ్డా. అందరు అడుగుతున్రు" అన్నాడు, తలెత్తకుండా.

రోజూ దుకాణానికి పోయే ముందు రెండు గంటలు, వచ్చాక గంట. ఉప్పునీళ్ళ బకెట్టు ఆ నెలంతా ముట్టుకోలేదు. అమ్మ భుజం లేవకపోతే ఈసారి ఆసు నేను పోశాను. కళ్ళద్దాలు మార్పించుకున్నాడు. నల్లగొండ దగ్గరే ఈసారి చెడింది. వాళ్ళు వచ్చేది ఆదివారమనగా శుక్రవారం పొద్దున, మగ్గం మీదినుంచి లేచి, నా ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు ఒస్తలేదు బిడ్డా" అన్నాడు. "ఊర్ల ఉన్నప్పుడు సాహుకారు నూలు మంచిగియ్యలేదు అనుకున్న. గప్పుడూ నాకే రాలే."

నేను కింద పడ్డ రబ్బరు పట్టీలు ఏరి డబ్బాలో వేశాను. తర్వాత ఆయన నీలం చొక్కా వేసుకుని పనికి పోయాడు.

ఆదివారం సంపాదకుడు ఫొటోగ్రాఫర్‌తో వచ్చాడు. మూర్తిగారు కూల్‌డ్రింకులు తెప్పించారు. నేను గల్లా పక్కన నిలబడ్డాను. సంపాదకుడు నమస్కారం పెట్టి, "నరసింహగారూ, ఏదీ, మన పటం చూపించండి" అన్నాడు.

నాయిన చేతులు కట్టుకుని చెప్పాడు. "సార్, ఆ పటం మంచిగ రాలే. సాగింది. మల్ల నేసిన, గదీ రాలే. కథల్నే మంచిగొచ్చింది. మా బిడ్డ రాసింది."

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. దుకాణంలో అందరూ ఆగి చూస్తున్నారు. సంపాదకుడు ఒక్క క్షణం నా వైపు చూసి, పెద్దగా నవ్వాడు. "కథంటేనే కల్పన కదండీ! అది మాకు తెలీదా? పాఠకులకు కావలసింది మీ ముఖం. ఏదో ఒక పోచంపల్లి పట్టుకోండి చాలు." మూర్తిగారు వెంటనే అరలోంచి ఎర్ర తెలుపు చీర ఒకటి లాగి ఇచ్చారు. "ఇది పట్టుకోవయ్యా, మీ వైపుదే." నాయిన పట్టుకున్నాడు. ఫొటో తీశారు. వారం తర్వాత అచ్చైంది, 'తను నేసిన చీరతో నేత కళాకారుడు' అన్న మాటలతో. ఆ మాటలు రాసింది ఆఫీసులో నా పక్క బల్ల అతను. అచ్చుకు వెళ్ళేముందు చదివి దిద్దింది నేను. తప్పులు లేవని సంతకం పెట్టాను.

ఆ ఫొటో చూసి అదే చీర కావాలని చాలామంది వచ్చారు. మూర్తిగారు అలాంటివి ఇంకో ఇరవై తెప్పించారు. ఒక శనివారం నాయినకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్ళి, నేను కాసేపు పరుపు మీద కూర్చున్నాను. ఒకావిడ ఆ చీర తడుముతూ, "ఇది మీరే నేశారటగా, ఎంత బాగుందండీ" అంది. నాయిన చీర అంచుకు కుట్టిన, సొసైటీ నంబరున్న చిన్న చీటీ తిప్పి చూపించాడు. "ఇది నేను నేసింది కాదమ్మా. మా దిక్కు బాలయ్య అని ఉన్నడు. ఆయన నేసిండు. మా అన్నకు ఫోన్ జేసి కనుక్కున్న." ఆవిడ సగం విని, కొంగు భుజం మీద వేసుకుని అద్దం వైపు తిరిగింది. తర్వాత వచ్చినావిడకూ అదే చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళకూ. ఎవరికీ ఆ పేరు అక్కర్లేదు. ఆయన మాత్రం ప్రతిసారీ చీటీ తిప్పి, మొదటిసారి చెప్పినట్టే చెప్పాడు. రిటైరయ్యేదాకా అలాగే చెప్పాడని మూర్తిగారు మొన్నామధ్య పలకరించినప్పుడు అన్నారు.

రాష్ట్రం వచ్చింది. మా షెడ్డున్న మేడ కూలగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు, చౌరస్తా మీదుగా మెట్రో పోతోంది. మగ్గాన్ని నాయిన ఊళ్ళో ఎవరికో ఇచ్చేశాడు, మళ్ళీ ఆ పేరెత్తలేదు. చివరి రోజుల్లో కూడా ఆయన ముఖంలో చేదు లేదు. తనకు రాదని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉండేది, కొంచెం ఖాళీగా, కొంచెం తేలికగా. ఓటమి మనిషికి ఏదో నేర్పుతుందని నాతో వేదికల మీద చాలామంది అంటారు. నేనూ అన్నాను. ఆయనకు అది నేర్పింది, నాకు తెలిసినంతలో, ఇతరుల పేరు సరిగ్గా చెప్పడం ఒక్కటే. నాకు ఏం నేర్పిందో తెలియదు. ఆ సంగతిని ఉన్నదున్నట్టు కథగా రాద్దామని ఆరేడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ మధ్యలో ఎక్కడో జనం లేచి నిలబడతారు, ఎవరో కండువా పట్టుకొస్తారు. ఆపేస్తాను.

ఇప్పటికి పదకొండు పుస్తకాలు వచ్చాయి. మొదటి పుస్తకంలో మొదటి కథ ఆ పటం కథే. పాఠ్యపుస్తకంలో కూడా పెట్టారు. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు వచ్చి, మీ నాయిన నేసిన ఆ పటం గురించి చదివి ఏడ్చామండీ అంటారు. నేను చేతులు జోడించి, చాలా థాంక్సండీ అంటాను.